ఏడు కిలోల బిగువు

ఫిడ్జెట్ స్పిన్నర్ గుర్తుందా? వేలి మీద పెట్టి ఒక్కసారి తిప్పితే చాలు, నిమిషాల తరబడి తిరుగుతూనే ఉండేది. ఎవరిది ఎక్కువసేపు తిరిగితే వాళ్లది గొప్ప. అందులో ఉండేది చిన్న బేరింగ్. అది చూసినవాళ్లెవరైనా ఏమనుకుంటారు? బేరింగ్ అంటే ఎంత తేలిగ్గా తిరిగితే అంత మంచిదని.

మా ఇంట్లో ఉన్న 1969 మోడల్ మహీంద్రా జీపు వెనక యాక్సిల్‌లో రెండు బేరింగులున్నాయి. అవి స్పిన్నర్‌లా తేలిగ్గా తిరిగాయంటే బండికి మూడినట్టే. వాటిని కావాలని, లెక్క ప్రకారం, కొంచెం బరువుగా తిరిగేలా బిగించాలి. ఆ బిగువుకి ప్రీలోడ్ అని పేరు. ఎంత బిగించాలన్నదే మొత్తం కథ. నాలుగు నెలల పాటు ప్రతి ఆదివారం నేను నేర్చుకున్నది ఈ ఒక్క సంగతే.

జాతరకు పోలేని జీపెందుకు?

ముందు బండి గురించి చెప్పాలి. అది మా తాత కొన్న సీజే-3బీ. ముందు బానెట్ ఎత్తుగా ఉంటుంది. అందం కోసం పెట్టింది కాదు, లోపలున్న 2.2 లీటర్ల హరికేన్ ఇంజిన్ ఎత్తు ఎక్కువ. పాత విల్లీస్ బానెట్ కింద అది పట్టదు కాబట్టి బానెట్నే పైకి లేపారు. వెనక యాక్సిల్ డానా 44. క్రౌన్‌కి 43 పళ్లు, పినియన్‌కి 8. అంటే పినియన్ దాదాపు అయిదుసార్లకి పైగా తిరిగితే చక్రం ఒక్కసారి తిరుగుతుంది. వేగం తక్కువ, లాగే బలం ఎక్కువ. పొలం గట్లకీ, వాగులకీ చేసిన బండి.

ఇలాంటి బండ్లకి ఇప్పుడు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న నంబర్ ప్లేట్ తీసుకోవచ్చు. చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. ఫీజు 20 వేల రూపాయలు. నాన్నకి చదివి వినిపించా. శ్రద్ధగానే విన్నాడు. చివర్లో అసలు షరతు వచ్చింది. ఆ ప్లేట్ ఉన్న బండిని మామూలుగా తిప్పకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప బయటికి తీయకూడదు.

"కొమురవెల్లి జాతరకు పోలేని జీపెందుకమ్మా మనకి?" అన్నాడు నాన్న. అక్కడితో ఆ చర్చ అయిపోయింది. తాత ఉన్నప్పటినుంచీ సంక్రాంతి దాటాక ఏదో ఒక ఆదివారం మల్లన్న దగ్గరికి ఈ జీపులోనే వెళ్లడం మా ఇంటి అలవాటు. కాబట్టి అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి మామూలు ఆర్‌సీనే రెన్యువల్ చేయించుకుంటున్నాం. అంటే ఈ బండి షోకేసులో బొమ్మలా నిలబడదు. రాజీవ్ రహదారి మీద లారీల మధ్య, మనుషుల్ని ఎక్కించుకుని పరిగెత్తాలి.

అలాంటి బండి వెనక యాక్సిల్ రెండేళ్లకిందట అరవడం మొదలుపెట్టింది.

యాక్సిల్ ఎందుకు అరుస్తుంది?

40 కిలోమీటర్ల వేగం దగ్గర 'ఊఁ...' అని సన్నటి కూత. యాక్సిలరేటర్ తొక్కితే వస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. ఈ ఒక్క లక్షణంతోనే చాలామంది మెకానిక్‌లు చెప్పేస్తారు, పినియన్ దగ్గర ప్లే వచ్చిందని.

ఇంజిన్ బలం పొడవాటి షాఫ్ట్ ద్వారా వెనక్కొచ్చి పినియన్‌ని తిప్పుతుంది. పినియన్ పెద్ద పళ్లచక్రమైన క్రౌన్‌ని తిప్పుతుంది. క్రౌన్ నుంచి చక్రాలకి వెళ్తుంది. ఈ రెండింటి పళ్లు సూటిగా ఉండవు, వంకరగా మెలితిరిగి ఉంటాయి. అందుకే పినియన్ ఊరికే తిరగదు. తిరుగుతూనే, మనం యాక్సిలరేటర్ తొక్కితే ఒకవైపు, వదిలితే ఇంకోవైపు జరిగిపోవాలని చూస్తుంది. దాన్ని కదలకుండా పట్టుకునేవే ఆ రెండు టేపర్ రోలర్ బేరింగులు.

పేపర్ టీ కప్పులో ఇంకో కప్పు పెట్టి చూడండి. లోపలికి నొక్కితే బిగుసుకుంటుంది, బయటికి లాగితే వదులవుతుంది. టేపర్ బేరింగ్ అచ్చం అలాగే. ఒకవైపు వాలుగా ఉన్న రోలర్లు పైనుంచి పడే బరువునీ మోస్తాయి, పక్కనుంచి వచ్చే తోపునీ మోస్తాయి. దీనికి 1898లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న హెన్రీ టిమ్కెన్ గుర్రపు బగ్గీలు తయారుచేసేవాడు. మలుపు తిరిగేటప్పుడు బగ్గీ ఇరుసు మీద పడే పక్కతోపుకి ఆయన కనిపెట్టిన మందు ఇది. బగ్గీలు పోయాయి గానీ, మందు మాత్రం ఇప్పటికీ పనిచేస్తోంది.

పినియన్ మీద ఇలాంటివి రెండు, ఎదురెదురు దిశల్లో ఉంటాయి. చివర ఉన్న నట్టు బిగిస్తే రెండూ ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. తక్కువ జరిగితే పినియన్ కదులుతుంది, పళ్లు తప్పుచోట తగులుతాయి, కూత వస్తుంది. ఎక్కువ జరిగితే రోలర్లు నలిగి, నూనె పొర చీలిపోయి, బేరింగ్ కాలిపోతుంది.

నవారు మంచం తెలుసు కదా. పడుకున్నాక నవారు బిగించం. పడుకోకముందే బిగిస్తాం. అప్పుడే మనిషి బరువు పడ్డా మంచం కుంగదు. అలాగని పట్టెలు విరిగేంత లాగితే మంచమే ఉండదు. ప్రీలోడ్ అంటే అదే. బండి భారం పడకముందే బేరింగ్ మీద మనం వేసిపెట్టే భారం.

నిశ్శబ్దం వచ్చింది, వేడి కూడా వచ్చింది

మొదట బండిని ఒక గ్యారేజీకి ఇచ్చాం. రెండు రోజుల్లో తిరిగొచ్చింది. కూత మాయం. నాన్న మొహం వెలిగిపోయింది. పదిహేను రోజుల తర్వాత కార్ఖానా దాటుతుంటే కాలిన నూనె వాసన వచ్చింది. బండి పక్కకి ఆపి వెనక హౌసింగ్ దగ్గర చెయ్యి పెడితే చుర్రుమంది. ముందు ఆయిల్ సీల్ లోంచి నూనె చుక్కలు చుక్కలుగా కారుతోంది.

ఇక్కడ జరగగలిగింది ఏమిటో చెప్తే మీకు భయమేస్తుంది. పినియన్ బేరింగ్ పూర్తిగా పట్టేస్తే వెనక చక్రాలు రెండూ నడుస్తున్న బండిలోనే బిగుసుకుపోవచ్చు. డ్రైవర్ బ్రేక్ తొక్కకపోయినా సరే. 60లో వెళ్తున్నప్పుడు, వెనక లారీ ఉన్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ రోజు బండిలో నాన్నా, అమ్మా ఉన్నారు.

బండిని లాగించుకుని బోయిన్‌పల్లిలో ఒక చిన్న షెడ్డుకి తీసుకెళ్లాం. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు. 70 దాటిన మనిషి. సైన్యంలో ఈఎంఈలో వెహికల్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. తిరుమలగిరిలో ఈఎంఈ కాలేజీ ఉన్న ఊరు కదా మనది. ఆ శిక్షణ తీసుకుని బయటికొచ్చిన చేతులు సికింద్రాబాద్‌లో చాలా ఉండేవి. ఇప్పుడు తగ్గిపోతున్నాయి.

ఉస్తాద్ పినియన్ బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. బేరింగ్ రోలర్లు నీలంగా ఉన్నాయి. వేడికి ఉక్కు అలా రంగు మారుతుంది. షాఫ్ట్ మీద వేళ్లతో వెతికి, "సిమ్ములు ఏవి?" అన్నాడు. ఉండాల్సినవాటిలో సగం లేవు.

షిమ్ అంటే పల్చటి ఉక్కు ఉంగరం. 0.003, 0.005, 0.010, 0.030 అంగుళాల మందాల్లో వస్తుంది. 0.003 అంగుళం అంటే ఇంచుమించు మన తల వెంట్రుక మందం. ఈ యాక్సిల్‌లో బేరింగ్ ఎంత దగ్గరికి రావాలో నిర్ణయించేవి ఈ షిమ్ములే. నట్టు ఎంత గట్టిగా బిగించినా, షిమ్ముల దొంతర దగ్గర బేరింగ్ ఆగిపోవాలి. ఆ దొంతర తగ్గించేసి, పొడుగు పైపు తగిలించి నట్టు లాగితే భారమంతా నేరుగా రోలర్ల మీదే పడుతుంది. కూత పోతుంది, నిజమే. నొప్పికి గొంతు నొక్కినట్టు.

ఒక్క అదృష్టం ఏమిటంటే క్రౌన్-పినియన్ పళ్లు బతికాయి. ఆ రెండింటినీ ఫ్యాక్టరీలో జతగా అరగదీసి, జతగానే పంపుతారు. ఒకటి పోతే రెండూ మార్చాలి. ఇంత పాత బండికి మంచి జత దొరకడం కష్టం. ఇంకో మోడల్ యాక్సిల్ మొత్తం ఎత్తి పెట్టేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. నాన్న ఒప్పుకోలేదు. మిగిలింది ఒకటే దారి, ఉన్నదాన్ని సరిగ్గా కట్టడం.

రాణిగంజ్‌లో ఒక ఉదయం

బేరింగుల కోసం రాణిగంజ్ వెళ్లా. సికింద్రాబాద్‌లో ఉండి కూడా రాణిగంజ్ సందుల్లో తిరగకపోతే ఒక పెద్ద మ్యూజియం మిస్సయినట్టే. పంపులు, బెల్టులు, నట్లు, బోల్టులు, బేరింగులు. దేనికదే దుకాణం. పాత బేరింగ్ మీద చెక్కిన నంబర్ చూపిస్తే చాలు. "ఏ బండికి మేడం?" అని అడుగుతారు. చెప్పాక లోపలికెళ్లి డబ్బా తెస్తారు.

ఉస్తాద్ ముందే హెచ్చరించాడు. డబ్బా మీద పేరు చూసి మోసపోవద్దు, నకిలీలుంటాయి. బిల్లు తీసుకో. రింగ్ మీద నంబర్ శుభ్రంగా చెక్కి ఉందా చూడు. కప్పూ, కోనూ రెండూ కొత్తవే కొను. పాత కప్పులో కొత్త కోన్ వేస్తే పాత గీతలే కొత్తదాన్ని కూడా తినేస్తాయి. అన్నీ చూసుకుని కొన్నా. వచ్చేటప్పుడు ఇంకో దుకాణంలో రెండు వందల రూపాయలు పెట్టి ఒక స్ప్రింగ్ కాటా తీసుకున్నా. పాత పేపర్లు కొనేవాళ్ల దగ్గర ఉంటుందే, కొక్కెం ఉన్నది, అదే. దాంతో కావాల్సింది ఇంకా కొనకుండానే షెడ్డులో దొరికింది. 10 సెంటీమీటర్ల వెడల్పున్న పాత పంపు పుల్లీ.

కాటా, దారం, పుల్లీ

ఇప్పుడు లెక్క. భయపడకండి, అయిదో తరగతి లెక్కే. డానా 44కి పినియన్ ప్రీలోడ్ కొత్త బేరింగులైతే 20 నుంచి 40 అంగుళం-పౌండ్లు, వాడినవైతే 10 నుంచి 20. మన కొలతల్లో కొత్తవాటికి సుమారు 23 నుంచి 46 కిలో-సెంటీమీటర్లు. పుల్లీని పినియన్ యోక్‌కి బిగించి, దారం చుట్టి, కాటాతో లాగాలి. పుల్లీ మధ్య నుంచి అంచుకి 5 సెంటీమీటర్లు. 23ని 5తో భాగిస్తే 4.6. 46ని భాగిస్తే 9.2. అంటే పినియన్ ఆగకుండా తిరుగుతున్నప్పుడు కాటా 4.6 కిలోలకీ, 9.2 కిలోలకీ మధ్య చూపించాలి. కదిలేటప్పుడు వచ్చే మొదటి కుదుపు లెక్కలోకి రాదు. తిరుగుతుండగా నిలకడగా ఉన్న అంకె తీసుకోవాలి. ఆయిల్ సీల్ వేయకూడదు, క్రౌన్ తగిలించకూడదు. వాటి రాపిడి కలిస్తే అంకె అబద్ధం చెబుతుంది.

బేరింగులు ప్రెస్ చేశాం. ఒక అంచనాతో షిమ్ములు పెట్టాం. నట్టుని 200 ఫుట్-పౌండ్ల పైన బిగించాం. మీటరు పొడవున్న రాడ్ చివర ఇరవై ఎనిమిది కిలోల బరువు వేలాడదీసినంత. దారం లాగితే కాటా 6 కిలోలు చూపించింది. సరిగ్గా హద్దుల మధ్య.

ఉస్తాద్ కాటా వైపు చూడలేదు. పుల్లీ మీద రెండు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, నెమ్మదిగా రెండు చుట్లు తిప్పాడు.

"కాదు బిడ్డా. ఒక్కకాడ ఆగుతున్నది. మల్ల విప్పు."

విప్పితే కనపడింది. ముందు కప్పు కూర్చునే గాడిలో చిన్న పొర లేచి ఉంది. అంతకుముందు ఎవరో పాత కప్పుని ఉలితో కొట్టి తీసినప్పుడు లేచిన లోహపు పొర. దానివల్ల కొత్త కప్పు ఒక పక్క ఎత్తుగా కూర్చుంది. బిగువు వచ్చింది గానీ, అది బేరింగ్ బిగువు కాదు, వంకర బిగువు. ఆ పొర ఆయిల్ స్టోన్‌తో రుద్ది, కప్పు మళ్లీ కూర్చోబెట్టి, అవే షిమ్ములతో కట్టాం. ఈసారి బిగువు లేనే లేదు. డయల్ గేజ్ పెడితే 0.006 అంగుళం ప్లే. ఆ 6 కిలోలూ ఒట్టి భ్రమ అన్నమాట.

అక్కడినుంచి మెట్టుమెట్టుగా దిగాం. 0.005 షిమ్ ఒకటి తీశాం. ఇంకా ఒక వెయ్యో వంతు ప్లే మిగిలింది. 0.003 ఒకటి తీశాం. కాటా 3.5 కిలోలు. "ఇంకా పల్చగున్నది," అన్నాడు ఉస్తాద్, నేను అంకె చెప్పకముందే. ఉన్నవాటిలో 0.005 తీసి 0.003 పెట్టాం. అంటే రెండు వెయ్యో వంతులు తగ్గాయి. ప్రతిసారీ నట్టు విప్పడం, తీయడం, పెట్టడం, మళ్లీ అదే బలంతో బిగించడం. దారం లాగా. 7 కిలోలు. ముల్లు కదలకుండా నిలబడింది.

ఉస్తాద్ రెండు వేళ్లతో తిప్పాడు. "ఆఁ. పేరిన నెయ్యిల గంటె తిప్పినట్టు. గిదీ."

చెయ్యి ఎక్కడ నేర్చుకుంది?

ఆ రోజు టీ తాగుతూ అడిగా. కాటా లేకుండానే మీకు తెలిసిపోతుంది కదా, మరి ఇదంతా ఎందుకని.

ఆయన చెప్పింది నాకు బాగా గుర్తు. సైన్యంలో చేరిన కొత్తలో కాటా లేకుండా నట్టు ముట్టుకోనిచ్చేవాళ్లు కాదట. వందల సార్లు కాటా చూసి, ఆ వెంటనే చేత్తో తిప్పి చూసేవాడట. "కాటా చెప్పింది చెయ్యి రాస్కున్నది," అన్నాడు. "కాటా చూడని చెయ్యికి ఏం యాదుంటది? అది ఊరికె అందాజా."

మనం పెద్ద పనివాళ్ల గురించి మాట్లాడేటప్పుడు చేతివాటం అంటాం, అనుభవం అంటాం. దాన్నేదో వరంలా చూస్తాం. మా జీపుని కాల్చిన గ్యారేజీలో కూడా చేత్తోనే చూసి బిగించారు. ఇక్కడ కూడా చెయ్యే. తేడా ఏమిటంటే ఈ చెయ్యి వెనక కొలతలున్నాయి. అలాగని ఒట్టి కొలతే చాలదని కూడా అదే రోజు తేలింది. 6 కిలోలు అని కాటా చెప్పింది. ఆ ఆరులో వంకర ఉందని చెయ్యి చెప్పింది. చెయ్యిని పెంచింది కాటా. కాటా ఎప్పుడు తప్పుతుందో చెప్పేది చెయ్యి.

సింధూరం పరీక్ష

మిగతా పని త్వరగా చెప్తా. క్రౌన్ రెండు పక్కలా ఉండే బేరింగులకీ బిగువు కావాలి. అక్కడ నట్టు ఉండదు. ప్లే లేకుండా సరిపోయే షిమ్ములకి ఇంకో 0.015 అంగుళం అదనంగా పెట్టి, హౌసింగ్‌ని స్ప్రెడర్‌తో రవ్వంత వెడల్పు చేసి లోపలికి దించాలి. ఇంకో ముచ్చట. ఇదే యాక్సిల్ చివర చక్రాల దగ్గరున్న టేపర్ బేరింగులకి మాత్రం బిగువు పనికిరాదు, వెంట్రుకంత ప్లే ఉండాలి. ఒకే రకం బేరింగ్, ఒకే యాక్సిల్, రెండు న్యాయాలు. అందుకే 'అన్నిటికీ ఇంతే' అనే సూత్రం ఇక్కడ నడవదు.

తర్వాత క్రౌన్ పళ్లకి నూనెలో కలిపిన సింధూరం రాసి తిప్పాం. పినియన్ తగిలిన చోట రంగు చెరిగి మచ్చ పడుతుంది. ఆ మచ్చ పంటికి మధ్యలో పడాలి. మాది మధ్యలోనే పడింది. ఇక సీల్ వేసి, ఈపీ-90 నూనె పోశాం.

మొదటి పరుగు షామీర్‌పేట దాకా. నాన్న డ్రైవింగ్, ఉస్తాద్ ముందు సీట్లో, నేను వెనక. ఆల్వాల్ దగ్గర ఒకసారి, హకీంపేట దాటాక ఒకసారి ఆగి హౌసింగ్ ముక్కు మీద చెయ్యి పెట్టి చూశాం. కొత్త బేరింగ్ కాస్త వెచ్చబడుతుంది, అది సహజం. చెయ్యి పెట్టి ఉంచగలగాలి. ఉంచగలిగాం. థర్మామీటర్ గన్ 58 డిగ్రీలు చూపింది. 40 దగ్గర నాన్న యాక్సిలరేటర్ తొక్కి, వదిలి, మళ్లీ తొక్కాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి విన్నాం. గాలి, ఇంజిన్, టైర్లు. అంతే.

ఉస్తాద్ షెడ్డు ఇంకెన్నాళ్లు తెరుస్తాడో తెలియదు. మోకాళ్లు సహకరించడం లేదు, కొడుక్కి ఈ పని మీద మనసు లేదు. అందుకే ఆఖరి ఆదివారం ఒక పని చేశా. ఏ షిమ్ ఎక్కడ ఎంత మందం పెట్టామో, కాటా ఎంత చూపిందో, పుల్లీ కొలత ఎంతో, తేదీతో సహా ఒక ఇత్తడి రేకు మీద పంచ్‌తో కొట్టి హౌసింగ్ బోల్టుకి తగిలించా. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఎవరు విప్పినా చేతికి మొదట అదే తగులుతుంది. కాటాని మాత్రం ఉస్తాద్ నాకే ఇచ్చేశాడు. ఇప్పుడు మా కాలనీలో ఎవరి పాత బండి పినియన్ విప్పినా నన్ను పిలవమని చెప్పా. ముందు దారం లాగి అంకె చూస్తా, తర్వాత కళ్లు మూసుకుని వేళ్లతో తిప్పి చూస్తా. ఇప్పటికి తొమ్మిది సార్లయింది. చెయ్యి రాసుకుంటోంది.